విశ్వాసం ఆశ్రయమా, మరో పరీక్షా? హైదరాబాద్ క్రైస్తవ టీనేజర్ల ఆందోళనపై విశ్లేషణ

సంక్షిప్తంగా: పరీక్షల ఒత్తిడిలో ఉన్న పిల్లలకు ప్రార్థన, వాక్యం (బైబిల్ పఠనం), సంఘం (చర్చి) నిజంగా తోడ్పడతాయి. అయితే విశ్వాసం ఎంత ఉందన్నదానికన్నా దాన్ని ఎలా ఆచరిస్తున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. దేవుణ్ని ఆశ్రయంగా చూసే పిల్లలకు భయం తగ్గుతుంది. దేవుడు కూడా మార్కులు వేస్తున్నాడని అనుకునే పిల్లలకు అదే భయం రెట్టింపవుతుంది. ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఇంటర్ రెండేళ్లలోనే పిల్లలు సంఘానికి దూరం కావడం హైదరాబాద్‌లో కనిపించే ప్రధానమైన చిక్కు.

## పరీక్షల ప్రార్థన, ఫలితాల సాక్ష్యం

ఫిబ్రవరి చివరి వారం వచ్చేసరికి హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని అనేక సంఘాల్లో పరీక్షల కోసం ప్రత్యేక ప్రార్థన జరుగుతుంది. పదో తరగతి, ఇంటర్ పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని ముందుకు వస్తారు. పాస్టరు వాళ్ల తలల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. కొన్నిచోట్ల పెన్నుల మీద కూడా ప్రార్థన చేసి పంచుతారు. ఫలితాలొచ్చాక అదే చోట సాక్ష్యాలు వినిపిస్తాయి. మంచి మార్కులు వచ్చినవాళ్లు, ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చినవాళ్లు నిలబడి దేవునికి కృతజ్ఞత చెబుతారు. మార్కులు రానివాళ్లు ఆ ఆదివారం ఎక్కడ కూర్చున్నారో, అసలు వచ్చారో లేదో కనుక్కునే ఏర్పాటు మాత్రం అరుదు.

ఇలాంటి వేడుకోలు క్రైస్తవులకే పరిమితం కాదు. చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసేవారిలోనూ విద్యార్థులు ఎక్కువే. పిల్లల చదువు గురించి దేవుణ్ని అడగడం ఏ మతంలోనైనా సహజం. అడిగింది దొరకనప్పుడు ఆ పిల్లవాడు దేవుని గురించి, తన గురించి ఏమనుకుంటాడన్నది అసలు ప్రశ్న. విశ్వాసం ఆందోళనను తగ్గిస్తుందా, పెంచుతుందా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

## ఆందోళనలో రెండు రకాలు

పరీక్షకు ముందురోజు గుండె దడ, అరచేతుల్లో చెమట శరీరం సిద్ధమవుతోందనడానికి గుర్తులు. కొంత ఒత్తిడి పనితీరును పెంచుతుందనీ, ఒక హద్దు దాటాక దిగజారుస్తుందనీ 1908లో ప్రతిపాదించిన యెర్క్స్-డాడ్సన్ సూత్రం చెబుతుంది. ఈ రకం ఆందోళన పరీక్షతో పాటే పోతుంది.

రెండోది వారాల తరబడి వదలదు. నిద్ర పట్టదు, తిండి సహించదు, పుస్తకం తెరిస్తే కడుపులో తిప్పుతుంది, స్నేహితుల మధ్య ఉండాలనిపించదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్లవారిలో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. నలభై మంది వచ్చే యవ్వనస్థుల కూడికకు ఈ లెక్కను అన్వయిస్తే, అక్కడ పాటలు పాడుతున్నవారిలో ఇద్దరు ముగ్గురికి సహాయం అవసరమై ఉండవచ్చు.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలో ఆ ఏడాది 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్ష తప్పడమే కారణంగా నమోదైన మరణాలు 2 వేలు దాటాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న సంగతి రాష్ట్రం ఇంకా మరచిపోలేదు. ఏ మరణానికీ ఒకే కారణం ఉండదు. పరీక్ష తప్పడం వెనుక ఇంటి పరిస్థితి, ఒంటరితనం, గుర్తించని కుంగుబాటు కూడా ఉంటాయి.

వయసు కూడా దీనికి తోడవుతుంది. భయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే మెదడు భాగం కౌమారంలో చురుగ్గా ఉంటుంది. ఆ భయాన్ని తూచి, నిదానంగా ఆలోచింపజేసే ముందు భాగం ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే పెద్దవాళ్లకు "ఒక్క పరీక్షే కదా" అనిపించేది పదహారేళ్ల పిల్లకు బతుకంతా ముగిసినట్టు అనిపిస్తుంది. దీనికి నిద్రలేమి తోడైతే పరిస్థితి మరింత కష్టం. టీనేజర్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. కార్పొరేట్ కళాశాల హాస్టల్ దినచర్యలో అంత నిద్రకు చోటు దొరకడం కష్టం.

## క్రైస్తవ పిల్లలకు ప్రత్యేకమైన ఒత్తిళ్లు

2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జనాభాలో క్రైస్తవులు మూడు శాతంలోపే. తరగతిలో ఒక్కరో ఇద్దరో ఉండే పిల్లలకు తమ నమ్మకం గురించి ఎదురయ్యే ప్రశ్నలు, ఎగతాళి అదనపు బరువు. పాస్టర్ల పిల్లల మీద సంఘమంతటి చూపూ ఉంటుంది. వాళ్లకు మార్కులు తగ్గితే అది తండ్రి సేవకు మచ్చగా మాట్లాడేవారూ ఉంటారు.

బయట అంతగా చర్చకు రాని ఒత్తిడి మరొకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తరువాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీ కుటుంబాలు తెలంగాణలో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ పరిధిలోకి వస్తాయి. ఈ పరిస్థితిలో కొన్ని కుటుంబాల పిల్లలకు సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘంలో బాప్తిస్మపు పేరు మరొకటి ఉంటాయి. ప్రవేశాల సమయంలో ఆ రెండు పేర్ల మధ్య నలిగే పిల్లవాడు తన భయాన్ని కళాశాలలో చెప్పుకోలేడు, సంఘంలోనూ చెప్పుకోలేడు. ఇది విధానపరమైన చిక్కు. ప్రార్థన ఒక్కదానితో తీరేది కాదు. ఈ భారం తన తప్పు కాదని ఆ పిల్లవాడికి చెప్పే పెద్దమనిషి ఒకరుంటే, రహస్యం వల్ల పుట్టే సిగ్గు మాత్రం తగ్గుతుంది.

## ఆదివారం పోయినప్పుడు ఏం పోతుంది

పదో తరగతి దాకా సంఘంలో పెరిగే పిల్లల జీవితానికి ఒక వరుస ఉంటుంది. సండే స్కూల్, వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిల్ పాఠశాల), దసరా సెలవుల్లో యవ్వనస్థుల శిబిరం, డిసెంబర్‌లో ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ కేరల్స్. రెసిడెన్షియల్ ఇంటర్ కళాశాలలో చేరగానే ఇదంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. చాలా కళాశాలల్లో ఆదివారం అంటే వారాంతపు పరీక్ష లేదా స్టడీ అవర్. ఫోను ఉండదు, ఇంటికి పంపే రోజులు తక్కువ.

తల్లిదండ్రులు దీన్ని రెండేళ్ల త్యాగంగా లెక్కిస్తారు. ఈ రెండేళ్లు కష్టపడితే తరువాత జీవితాంతం చర్చికి వెళ్లవచ్చని పిల్లలకు చెబుతారు. ఈ లెక్క తప్పు. ఆదివారం వల్ల పిల్లలకు దక్కేది ప్రసంగం ఒక్కటే కాదు. వారంలో ఒక పూట ఎవరితోనూ పోటీ ఉండదు. అమ్మానాన్న కాని పెద్దలు పేరు పెట్టి పిలిచి పలకరిస్తారు. చిన్నపిల్లలు, ముసలివాళ్లు, రకరకాల పనులు చేసేవాళ్లు ఒకేచోట కనిపిస్తారు. ఈఏపీసెట్ రాయకుండానే హాయిగా బతుకుతున్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. హాస్టల్‌లో కనిపించేవాళ్లంతా అదే పరీక్ష రాసే ఒకే వయసువాళ్లు. అక్కడ ర్యాంకు తప్ప మరో కొలమానం కనిపించదు. విశ్రాంతి దినాన్ని ఆజ్ఞగా బోధించే కుటుంబాలే దాన్ని వదులుకోవడం పిల్లలకు ఒక సందేశం ఇస్తుంది: అవసరమొస్తే ర్యాంకు దేవుని కన్నా ముందు. మాటల్లో ఎవరూ అలా అనకపోయినా పిల్లలు గ్రహిస్తారు.

మాదాపూర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల హాస్టళ్లకు నడిచి వెళ్లేంత దూరంలో చర్చిలు ఉన్నాయి. ఆదివారం రెండు గంటల అనుమతి కోసం కళాశాలను అడిగే బాధ్యత తల్లిదండ్రులది. చేర్చే రోజునే లిఖితపూర్వకంగా అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. డబ్బు కట్టాక అడిగితే ఆ బలం ఉండదు.

## ప్రార్థన ఎలా పనిచేస్తుంది

విశ్వాసి దృష్టిలో ప్రార్థనకు జవాబిచ్చేది దేవుడు. అది శాస్త్రం కొలిచేది కాదు. ప్రార్థించే మనిషిలో ఏం జరుగుతుందో మాత్రం కొంతవరకు గమనించవచ్చు.

మొదటిది, భయానికి రూపం దొరకడం. "భయంగా ఉంది" అనుకుంటూ తిరిగే పిల్ల ప్రార్థనలో "రేపు కెమిస్ట్రీలో ఆర్గానిక్ భాగం నాకు రాదు, తప్పితే నాన్న ముఖం ఎలా చూడాలి" అని చెప్పగలిగితే, ఆకారం లేని భయం రెండు స్పష్టమైన విషయాలుగా విడిపోతుంది. ఒకటి చదువుకు సంబంధించినది, మరొకటి నాన్నతో మాట్లాడవలసినది. భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డాలా ప్రతిస్పందన తగ్గడాన్ని 2007లో మెదడు స్కానింగ్ అధ్యయనం ఒకటి చూపించింది. నోట్లో తిరిగే నాలుగు అలవాటు మాటలతో ముగించే ప్రార్థనకు ఈ ఫలితం దక్కదు.

రెండోది శ్వాస. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన చిన్న అధ్యయనం ఒకటి జపమాల ప్రార్థన, మంత్రజపం రెండూ శ్వాసను నిమిషానికి సుమారు ఆరుకు తగ్గించి, గుండె, రక్తప్రసరణ లయలను ఒకదానితో ఒకటి కలిపాయని గమనించింది. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికాలో జపమాల చెప్పుకునే అమ్మాయికీ, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మందిరంలో పాత తెలుగు కీర్తనను నిదానంగా పాడే అబ్బాయికీ ఈ విషయంలో తేడా లేదు. దీర్ఘంగా పాడే చరణం ఊపిరిని నిదానంగా వదిలేలా చేస్తుంది. అది శరీరాన్ని శాంతపరుస్తుంది.

మూడోది విలాపం. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు దుఃఖంతో దేవుణ్ని నిలదీసేవే. 13వ కీర్తన తనను ఎన్నాళ్లు మరచిపోతావని అడుగుతుంది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. చివర్లో ఆశావాక్యం కూడా ఉండదు. మన యవ్వనస్థుల కూడికల్లో వినిపించే పాటలన్నీ విజయగీతాలే అయితే, ఏడవాలనిపించిన పిల్లకు ఆ గదిలో చోటు ఉండదు. వారానికొక విలాప కీర్తన చదివి, పిల్లలను తమ మాటల్లో అలాంటిదొకటి రాయమనడం ఖర్చు లేని పని. ఈ వ్యాసంలోని సూచనల్లో సంఘాలు అన్నిటికన్నా తేలిగ్గా మొదలుపెట్టగలిగినది ఇదే.

## మూడు ధోరణులు

మతం ద్వారా కష్టాన్ని ఎదుర్కొనే తీరు మీద అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ పరిశోధన ఎక్కువమంది ఉటంకించేది. 1988లో ఆయన బృందం మూడు ధోరణులను గుర్తించింది. కొందరు అంతా తామే చూసుకోవాలనుకుంటారు. కొందరు అంతా దేవునికే వదిలేస్తారు. కొందరు దేవునితో కలిసి పనిచేస్తున్నట్టు నడుస్తారు.

హైదరాబాద్ ఇంటర్ విద్యార్థుల్లో ఈ మూడూ కనిపిస్తాయి. ఆదివారం వాక్యం వింటూనే సోమవారం నుంచి శనివారం దాకా తానొక్కడే బరువు మోస్తున్నట్టు బతికేవాడు మొదటి రకం. పాఠం చదవకుండా ఉపవాసం పెంచి "ప్రభువే చూసుకుంటాడు" అనేవాడు రెండో రకం. అది విశ్వాసంలా కనిపించినా చాలాసార్లు భయం నుంచి తప్పించుకునే దారి. తప్పించుకున్న కొద్దీ భయం పెరుగుతుంది. పుస్తకం తెరవని ప్రతి రోజూ మర్నాడు దాన్ని తెరవడం మరింత కష్టమవుతుంది. మూడో రకం పిల్ల తాను చేయగలిగినది చేసి, తన చేతిలో లేనిదాన్ని దేవునికి అప్పగిస్తుంది. సిలబస్, నిద్ర, సందేహాలు అడగడం తన వంతు. పేపర్ ఎలా వస్తుందో, పక్కవాడికి ఎంత వస్తుందో తన వంతు కాదు. ఈ గీత ఎక్కడ గీయాలో నేర్పడం యూత్ లీడర్ చేయగలిగిన గొప్ప సహాయం.

1998లో ఇదే బృందం మేలు చేసే ధోరణిని, కీడు చేసే ధోరణిని విడదీసే ప్రశ్నావళిని రూపొందించింది. 2005లో 49 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, దేవుని ప్రేమను ఆశ్రయించే ధోరణి మెరుగైన మానసిక స్థితితోనూ, దేవుడు శిక్షిస్తున్నాడు లేదా వదిలేశాడు అనే ధోరణి మరింత ఆందోళనతోనూ ముడిపడి కనిపించాయి. ఈ పరిశోధన ఎక్కువగా అమెరికాలో, పెద్దవాళ్ల మీద జరిగింది. మన పిల్లలకు అన్వయించేటప్పుడు ఆ పరిమితిని గుర్తుంచుకోవాలి.

## వాక్యమే బరువైనప్పుడు

"దేనినిగూర్చియు చింతపడకుడి" అనే ఫిలిప్పీయుల పత్రిక మాట ఆందోళనలో ఉన్న క్రైస్తవులకు ఎక్కువగా చెప్పే వాక్యం. పౌలు దాన్ని ఓదార్పుగా, ప్రార్థించమనే ఆహ్వానంతో కలిపి రాశాడు. అందులో మొదటి సగాన్నే పట్టుకుని ఆజ్ఞగా వినిపిస్తే, ఆందోళన పడడమే పాపం అవుతుంది. అప్పటికే పరీక్షకు భయపడుతున్న పిల్ల ఇప్పుడు భయపడుతున్నందుకు కూడా భయపడాలి. భయం ఇలాగే రెట్టింపవుతుంది.

ఇదే బైబిల్‌లో మరో చిత్రం ఉంది. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త అరణ్యంలో చెట్టు కింద కూర్చుని చనిపోవాలని కోరుకుంటాడు. దేవదూత అతణ్ని మందలించడు, విశ్వాసం తగ్గిందనడు. మొదట అతను నిద్రపోతాడు. దూత అతణ్ని లేపి రొట్టె, నీళ్లు ఇస్తాడు. మళ్లీ పడుకోనిస్తాడు. మళ్లీ లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది కనుక తినమంటాడు. బోధ, బాధ్యత ఆ తరువాతే వస్తాయి. ఆ తరువాత శిష్యుడు ఎలీషా రూపంలో తోడు దొరుకుతుంది. నీవొక్కడివే కాదు, ఇంకా ఏడు వేలమంది ఉన్నారన్న మాట వినబడుతుంది. నిద్ర, ఆహారం, ఆపై పని, తోడు. కుంగిన టీనేజర్ విషయంలో వైద్యులు చెప్పే క్రమం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. గెత్సేమనేలో యేసు కూడా తన ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉందని శిష్యులతో చెప్పి, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. ఆందోళన విశ్వాసలోపానికి రుజువు అన్న మాట ఈ రెండు సందర్భాల ముందు నిలబడదు.

కొందరు పిల్లల్లో పాపభీతి రోగంగా మారుతుంది. ఒకే ప్రార్థనను "సరిగ్గా చేశానా" అని పదేపదే చేయడం, క్షమాపణ లేని పాపం చేశానేమోనని రోజుల తరబడి భయపడడం, చెడు తలంపు వచ్చిందని గంటలకొద్దీ ఒప్పుకోవడం దీని లక్షణాలు. ఇది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో ఒక రకం. పాస్టరు ఎన్నిసార్లు ధైర్యం చెప్పినా ఆ ఊరట కొద్దిసేపే ఉండి, మళ్లీ అడగాలనిపిస్తుంది. ధైర్యం చెప్పిన కొద్దీ అనుమానం బలపడుతుంది. అందుకే దీనికి శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణుల చికిత్స అవసరం.

గోప్యత మరో సమస్య. కేథలిక్ సంప్రదాయంలో పాపసంకీర్తనంలో (పాపాలు ఒప్పుకునే సంస్కారంలో) విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదన్నది సడలింపు లేని నియమం. స్వతంత్ర సంఘాల్లో పిల్ల చెప్పుకున్న బాధ ప్రార్థన మనవిగా మారి, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో తిరగవచ్చు. ప్రేమతో చేసినా దాని ఫలితం ఒకటే, ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. పేరు చెప్పకుండా ప్రార్థించడం, పిల్లను అడగకుండా ఎవరికీ చెప్పకపోవడం రాతపూర్వక నియమాలుగా ఉండాలి. దీనికి రెండు మినహాయింపులు తప్పవు. ప్రాణాపాయం ఉన్నప్పుడు కుటుంబానికి, వైద్యులకు చెప్పాలి. లైంగిక వేధింపు బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. సంఘం పరువు అక్కడ అడ్డు రాకూడదు.

## డాక్టరు ఎప్పుడు

దిగులు లేదా ఆందోళన రెండు వారాలకు మించి రోజూ ఉంటే, చదువు, తిండి, నిద్ర దెబ్బతింటే, తనను తాను గాయపరచుకుంటే, "నేను లేకపోతే అందరికీ మంచిది" వంటి మాటలు వస్తే వెంటనే వైద్యం అవసరం. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా, నెమ్మదిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామంది పిల్లలకు ఎవరో ఒకరు అడగడమే ఊరట. లక్షణాలను దయ్యం పనిగా భావించి ప్రార్థనల చుట్టూ తిప్పడం చికిత్సను ఆలస్యం చేస్తుంది. పౌలు సహచరుడు లూకా వైద్యుడు. వైద్యం, ప్రార్థన పరస్పర విరుద్ధమన్న బోధకు బైబిల్‌లో ఆధారం బలహీనం.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ సేవకు, అంటే 14416కు ఫోను చేస్తే ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా పరిగణిస్తుంది కనుక, పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లకుండా ఉండవలసిన పని లేదు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్ ఉండాలనీ, మార్కుల ఆధారంగా సెక్షన్లు వీలైనంతవరకు విడదీయరాదనీ అందులో ఉంది. హాస్టల్‌లో పిల్లలను చేర్చే తల్లిదండ్రులు ఈ రెండు ప్రశ్నలూ కళాశాలను అడగవచ్చు.

## ఫలితాల వారం

సంఘాలు మార్చగలిగిన వాటిలో ఫలితాల ఆదివారం ముఖ్యమైనది. పాసైనవాళ్ల సాక్ష్యాలు ఆపనక్కరలేదు. వాటితోపాటు సప్లిమెంటరీ రాసి నిలదొక్కుకున్నవాళ్లు, ఇంజినీరింగ్ వదిలి మరో దారి పట్టినవాళ్లు కూడా మాట్లాడితే, దేవుని మేలు మార్కుల్లో మాత్రమే కనబడదని పిల్లలు కళ్లారా చూస్తారు. పెన్నుల మీద ప్రార్థించేటప్పుడు వాడే మాటలు కూడా మారవచ్చు. "ఫస్ట్ ర్యాంకు ఇవ్వు" అనే చోట "ఏ ఫలితమొచ్చినా ఈ బిడ్డ నీ బిడ్డే" అంటే, పిల్లలు దేవుణ్ని ఎవరుగా ఊహించుకుంటారో మారుతుంది.

ఆపత్సమయంలో మానసిక ప్రథమ చికిత్స కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శి మూడు పనులు చెబుతుంది: గమనించడం, వినడం, సహాయానికి జతపరచడం. నిపుణులు కాకపోయినా యూత్ లీడర్లు నేర్చుకోగలిగినవివి. ఫలితాలకు వారం ముందే సంఘంలోని పరీక్ష రాసిన పిల్లల పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికి ఒక పెద్దను అప్పగించాలి. ఫలితం వచ్చిన రోజు సాయంత్రంలోపు ఆ పెద్ద ఫోను చేయాలి, మార్కులు అడగకూడదు, అన్నం తిన్నావా అని అడగాలి. తప్పినవాళ్ల ఇంటికి అదే రోజు వెళ్లాలి. తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి, ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలవద్దని చెప్పాలి. సప్లిమెంటరీ ఫీజు గడువు తేదీ కనుక్కుని మర్నాడే వాళ్లకు తెలియజేయాలి.